నాటుకూలిని గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: లేవీ. 27:1–8, మత్తయి 20:1–16

నాట్లకాలము వచ్చినప్పుడెల్ల మన సంఘములలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఒకే పొలములో ప్రొద్దుగూకువరకు పనిచేసినను పురుషునికి ఎక్కువ కూలియు, స్త్రీకి తక్కువ కూలియు ఏల? పొలముగల విశ్వాసులు కొందరు లేవీయకాండము 27వ అధ్యాయమును చూపి, పురుషునికి 50 తులములు, స్త్రీకి 30 తులములు అని దేవుడే నిర్ణయించెను గదా అందురు.

ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. అది మ్రొక్కుబడులను గూర్చినది, కూలిని గూర్చినది కాదు. ఒక మనుష్యుని దేవునికి మ్రొక్కుకొనినప్పుడు చెల్లించవలసిన వెల అది. స్త్రీ విషయమై చెల్లించవలసినది తక్కువ అని ఉన్నదే గాని, ఆమె పనికి ముట్టవలసినది తక్కువ అని అక్కడ లేదు. బీదవాని శక్తికొలది వెల తగ్గించవలెనని 8వ వచనములో ఉన్నది. కూలి లెక్కకట్టునప్పుడు ఆ వచనము మాత్రము ఎవరికిని జ్ఞాపకము రాదు!

నాటువేయుటకు నేర్పు అక్కరలేదనువారును కలరు. అట్టివారు ఒక పూట మడిలో దిగి చూడవలెను. లేత నారును రెండు మూడు మొక్కలుగా వేళ్లతో విడదీసి పైపైన గ్రుచ్చవలెను. లోతైనచో పిలకలు తగ్గును. నడుము వంచి వెనుకకు నడచుచు వరుస తప్పకుండవలెను. ఈ విద్యను కూతురు తల్లి ప్రక్కన నిలిచి నేర్చుకొనును. సర్టిఫికెట్టు లేదు గనుక దీనికి వెల లేకపోయెను. దున్నుట నేర్పైనప్పుడు నాటుట నేర్పు కాదా?

సమానమైన పనికి స్త్రీపురుషులకు సమాన వేతనము ఉండవలెనని రాజ్యాంగము 39వ అధికరణములో ఉన్నది. 1976లో అందుకు చట్టము చేసిరి. 2019 నాటి వేతనముల స్మృతిలోను ఆ నియమము చేర్చబడెను. అయితే దుక్కి మగవారిది, నాటు ఆడువారిది అని పనినే విడదీసినచో, “ఇది వేరు పని” అని తప్పించుకొనుట సులువు.

ఇక ద్రాక్షతోట ఉపమానము. “నా సొమ్ము నా యిష్టము” అనుటకు దీనిని వాడుకొనువారిని మేము చూచియున్నాము. ఆ యజమానుడు తన యిష్టమును ఎట్లు వాడెను? ఒడబడిన దేనారములో ఎవరికిని తగ్గించలేదు. ఒక గంట పనిచేసినవారికిని పూర్తి దినకూలి ఇచ్చెను. సాయంకాలమే ఇచ్చెను, కడపట వచ్చినవారికి మొదట ఇచ్చెను.

సంఘపు పొలములున్నచోట్ల ఈ యేడు నాట్లకు ముందు పెద్దలు కూలిరేటు నిర్ణయించు కూటమునకు, నాటువేయు స్త్రీలలో ఇద్దరినైనను పిలిచి కూర్చుండబెట్టవలెనని మేము కోరుచున్నాము.