ఎడమ భుజం మీద 34 ఏండ్లు

జడ్చర్ల, బాదేపల్లి సుట్టుపక్కల పెండ్లి బారాత్‌లల్ల నేను సూసాఫోను వాయించిన. మనిషి ఒంటిని సుట్టుకొని, నెత్తి మీద ఇంత పెద్ద నోరు తెరుసుకొని ఉండే ఇత్తడి బాకా అది. అందరు దాని దిక్కే చూస్తరు గని పేరు మాత్రం ఎవ్వరడగరు. మొన్న మా మేళంల కొత్తగ చేరిన పిలగాడు, పోలేపల్లి కంపెనీల షిఫ్టు దిగి సీదా బారాత్‌కే వచ్చెటోడు, "మామా, నడుము ఇరుగుతున్నది. నువ్వు గిన్నేండ్లు ఎట్ల మోసినవే?" అని అడిగిండు. నోటితో చెప్తే వాడు పొద్దటికల్ల మరుస్తడు. అందుకే రాసిస్తున్న.

1. ముందు దాన్ని జోకు.

నేను 20 ఏండ్లు మోసినంక గని జోకలే. బాదేపల్లి మార్కెట్‌ల పల్లికాయ సంచులు జోకే కాంటా మీద పెడితే 13 కిలోలొచ్చింది. పక్కనున్న హమాలి నవ్విండు. "గింతేనా అన్నా? నేను దీనికి నాలుగింతలు లేపుత" అన్నడు. నిజమే. గని హమాలి సంచి ఎత్తి, ఇరవై అడుగులేసి దించుతడు. నేను గంటన్నర దించ. ఆనాడు కాంటా కాడ నాకు తెలిసింది, నడుమును తినేది బరువు గాదు, అది ఎంతసేపు ఉన్నది, ఏ దిక్కు ఉన్నదన్నది. మిగిలిన ముచ్చట్లన్ని దీనెనక వచ్చేటియే.

ఈ బాకా పుట్టుక గూడ చెప్తా. 1893ల అమెరికాల జె.డబ్ల్యూ. పెప్పర్ అనే ఆయన, సూసా అనే బ్యాండు మాస్టర్ అడిగితే తయారు చేసిండు. సూసా మేళం నడిచింది తక్కువ, కుర్చీలల్ల కూసోని కచేరీలు చేసింది ఎక్కువ. నడుసుడు మన వంతుకొచ్చింది. మా బాకా మాత్రం మీరట్‌ది. ఆ ఊర్ల జలీ కోఠీ గల్లీలల్ల బ్యాండు సామాను చేస్తరు. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885ల మొదలైంది. మాది పేరున్న సరుకు గాదు, చేతులు మారి వచ్చింది. ఇప్పుడు ఫైబర్‌వి గూడ ఉన్నయి, అల్కగుంటయి. దొరికితే అదే కొనుక్కో, ఇత్తడి మోస్తేనే మొగోడని అనుకోకు.

2. అది ఎప్పుడూ ఎడమ భుజం మీదనే కూసుంటది.

కుడి చెయ్యి వాల్వుల మీద ఉండాలె గదా, భుజం మార్చుకునే సందే లేదు. ఎడమకు బరువు పడితే ఒళ్లు కుడి దిక్కు గుంజుకుంటది. అందుకే నొప్పి బరువున్న దిక్కు గాకుండ కుడి నడుముల లేస్తది. నాకు శానా ఏండ్లు ఇది అంతుపట్టలే. ఒకపారి యూనిఫాం కొలతలు తీసుకుంట టైలర్ అన్నడు, "నీ ఎడమ భుజం అరంగుళం ఎత్తున్నదే" అని. గప్పుడు అద్దంల చూసుకున్న.

మా అమ్మ, నాయిన పాలమూరు లేబర్ల పోయినోళ్లు. కాలువలు తవ్వి, మట్టి తట్టలు నెత్తి మీద మోసిన్రు. తట్ట బరువు నిట్టనిలువు కిందికి దిగుతది, మన బాకాది గట్ల దిగదు. అట్లని వాళ్ల ఒళ్లు బాగున్నదని గాదు, నలభై ఏండ్లకే మెడలు పోయినయి.

చేసే పని ఏందంటే, తువ్వాల నాలుగు మడతలేసి భుజం మీద పెట్టు. బాకాను మెడకు ఆనుకునేటట్టు దగ్గరికి గుంజుకో, భుజం చివరకు జారనియ్యకు. ఇంటికాడ నీళ్ల బకీటు కుడి చేత్తోని మొయ్యి, ఎడమ నడుముకు గూడ పని పడుతది. ఒక నెల చేసి చూడు.

3. నడుసుడు మంచిదే. నిలవడుడే చెడ్డది.

పెండ్లికొడుకు దోస్తులు నాగిని ట్యూన్ అడుగుతరు. 1954ల వచ్చిన హిందీ సినిమాది అది. ఇంక ఎన్ని కొత్త పాటలొచ్చినా రోడ్డు మీద పొర్లెటోనికి అదే కావాలె. ఒకడు నోట్ల రుమాలు పెట్టుకొని ఊదుతడు, ఇంకొకడు పడగ పట్టి కింద దొర్లుతడు. పది నిమిషాలు బారాత్ జరగదు. నేను మోకాళ్లు బిగవట్టి కొయ్య లెక్క నిలవడుతుంటి. ఆ పది నిమిషాలు కిలోమీటరు నడక కంటె ఎక్కువ. ఎందుకంటే నడిస్తే కండ ఒకపారి పట్టుకుంటది, ఒకపారి ఇడుస్తది. నిలవడితే ఇడిసేదే లేదు.

అందుకే మోకాళ్లు కొంచెం సడలించు. బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి తాళం తోని మార్చు. చూసెటోళ్లు నువ్వు గూడ ఆడుతున్నవనుకుంటరు. అనుకోనియ్యి.

4. ఎత్తుడు, దించుడు.

వ్యాన్ల నుంచి నేల మీదికి దించి, మళ్ల నేల నుంచి ఎత్తుకునుడు బుద్ధి తక్కువ పని. నేను చేసినదే. వ్యాను అంచు నడుమెత్తు ఉంటది. బాకాను అక్కడ్నే నిలవెట్టి, నువ్వే దాంట్లకు దూరి లెవ్వు. పక్కోన్ని ఒక చెయ్యి ఎయ్యమను, సిగ్గు పడకు. ఎత్తేటప్పుడు నడుము మలుపకు, కాళ్లే తిప్పు.

తెల్లారగట్ల లగ్గాలకు ఇంక జాగ్రత్త. రాత్రి పండుకుంటే ఎన్నుపూసల నడుమ ఉండే మెత్తలు నీళ్లు పీల్చుకొని ఉబ్బుతయట. అందుకే లేచిన గంట దాంక వంగి ఏదీ ఎత్తొద్దని ఒక డాక్టర్ చెప్పిండు. చాయ్ తాగు, అటిటు తిరుగు.

5. బెల్టు.

మెడికల్ షాపుల నడుము బెల్టు కొని బిగిచ్చి కట్టుకున్న. పొట్ట ఉబ్బక ఊపిరి సగమే దిగింది, కింది సురం పలుకలే. ఊపిరి చాలక భుజాలెగరేసి పీల్చిన, అండ్ల మెడ గూడ పట్టేసింది. బెల్టు ఎత్తుడు దించుడుకే ఉంచుకో. వాయించేటప్పుడు ఊపిరి పొట్టలకు దిగాలె.

6. సూది.

సీజన్ల నొప్పి లేస్తే మా గల్లీల సూది ఏపిచ్చుకొని అదే రాత్రి మళ్ల బాకా ఎత్తిన. మూడేండ్లు గట్లనే నడిపిన. నొప్పి తెలవలే గని కడుపు మండుడు మొదలైంది. ఆఖరికి ఒకనాడు లేవరాలే. నులక మంచంల పది దినాలు పండుకుంటే ఇంక బిగుసుకపోయింది. పాలమూరుల ఒక డాక్టర్ తిట్టి, "లేచి మెల్లగ నడువు, పండుకుంటే తగ్గదు" అన్నడు. ఆరు వారాలల్ల తేరుకున్న.

ఇదొక్కటి మాత్రం మరువకు. కాలు తిమ్మిరెక్కి బలం పోతున్నా, కూసునే కాడ మొద్దుబారినా, ఒంటికి పోయేది ఆగకపోయినా, రాకపోయినా, తెల్లారే దాంక ఆగకు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి పో. బయానా వాపసు ఇద్దాం తియ్యి.

7. బేరం.

బయానా తీసుకునేటప్పుడే మాస్టర్‌తోని చెప్పియ్యి, బారాత్ పొడుగుంటే నడుమ ఒక కాడ ఆగుతమని. మా మాస్టర్ అడగనీకె మొగమాటపడెటోడు. నేను గూడ అడగలే. తర్వాత అడిగిన పెండ్లిండ్లల్ల కాదన్నోళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ బాకా పిలగాని దగ్గరున్నది. నేను జాంజులు కొడుతున్న. ఇది చదివెటోళ్ల ఇంట్ల లగ్గమున్నదనుకో, బారాత్ నడుమ ఒక ఎత్తు బల్ల ఏపియ్యుండ్రి, బాకా దించుకునేటందుకు. నాగిని ఆట మూడు నిమిషాలకు ఆపుండ్రి.