ప్రతిదీప్త రంజకములు: కణక్షతి, కణమరణ నిర్ణయము

2010వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగమునందు చిరకాలముగా వాడుకలో లేని గామా వికిరణ యంత్రమొకటి వేలములో అమ్ముడుపోయెను. అది పశ్చిమ ఢిల్లీయందలి మాయాపురి పాత ఇనుము బజారునకు చేరి, అచ్చట ముక్కలు చేయబడెను. అందలి కోబాల్టు-60 ప్రమాదకరమని యెరుగక దాని సమీపమున మెలగినవారిలో ఒకరు ఆ ఏప్రిల్ మాసమున మరణించిరి; మరికొందరు తీవ్రముగా అస్వస్థులైరి. ఇట్టి వికిరణము కంటికి కనబడదు. తగిలినప్పుడు నొప్పి తెలియదు. దేహకణములు గాయపడిన సంగతి దినములు గడచిన పిమ్మటగాని బయటపడదు.

గాయపడిన కణమును గుర్తించుట యెట్లు? బ్రదికిన కణమునకును చచ్చిన కణమునకును భేదమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు సాధనములలో ప్రతిదీప్త రంజకములు ముఖ్యమైనవి. వీనిలో ఏది ఏ ప్రశ్నకు సమాధానమిచ్చునో, ఏ ప్రశ్నకు ఇయ్యజాలదో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ప్రతిదీప్తి స్వరూపము

కొన్ని పదార్థములు ఒక రంగు వెలుతురును గ్రహించి, అంతకంటె దీర్ఘమైన తరంగదైర్ఘ్యముగల వేరొక రంగు వెలుతురును వెనువెంటనే వెలువరించును. ఈ ధర్మమే ప్రతిదీప్తి. క్వినైను ద్రావణము ఎండలో నీలికాంతి నీనుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. 1852లో జార్జి స్టోక్స్ దీని తత్త్వమును నిరూపించెను. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఫ్లోరసీన్ అను రంజకమును తయారుచేసెను. నీలి వెలుతురు సోకగా ఇది పసుపు కలసిన ఆకుపచ్చ కాంతితో ప్రకాశించును.

ఈ రంజకము నేటికిని నేత్రవైద్యులకు నిత్యోపయోగకరము. వరికోతలలో ధాన్యపు ఊకయో, ఆకు అంచో తగిలి కంటి ముందుండు పారదర్శకమైన పొర గీచుకొనిపోయినచో ఆ గీత మామూలు వెలుతురులో కనబడకపోవచ్చును. ఫ్లోరసీన్ చుక్క వేసి నీలి దీపముతో చూచినయెడల గాయమైన మేర పచ్చగా మెరయును. నీటిలో కరగెడి ఈ రంజకము దెబ్బతినని పైపొరను దాటి సులభముగా లోనికి పోజాలదు. పొర చిరిగినచోట మాత్రము లోపలికి ఇంకును. అడ్డు చెడినచోట రంగు చొరబడునను ఈ సూత్రమే కణపరీక్షలలో అనేకములకు మూలము.

2. గోడయు, పొయ్యియు

ప్రతి జీవకణమును కొవ్వుపదార్థములతో కూడిన పలుచని త్వచము చుట్టియుండును. ప్రోపిడియం అయొడైడ్ అను రంజకము చెక్కుచెదరని త్వచమును దాటలేదు. త్వచము భగ్నమైనచో లోన ప్రవేశించి, కేంద్రకమునందలి డి.ఎన్.ఏ. తంతువుల నడుమ ఇమిడి, మునుపటికంటె ఇరువది ముప్పది రెట్లు అధికముగా ఎఱ్ఱని కాంతిని వెలువరించును. కావున ఎఱ్ఱగా మెరసిన కణము త్వచము చెడిన కణమని తెలియవలెను.

రెండవ మార్గము దీనికి విపరీతమైనది. 1966లో రాట్మన్, పేపర్‌మాస్టర్ అను శాస్త్రజ్ఞులు ఫ్లోరసీన్ డైఎసిటేటు కణములలో వర్తించు తీరును వివరించిరి. ఈ పదార్థమునకు స్వతహాగా ప్రతిదీప్తి లేదు. అది త్వచమును సులభముగా దాటి లోనికి పోవును. అచ్చటి ఎస్టరేజులను ఎంజైములు దానిని ఛేదించగా ఫ్లోరసీన్ ఏర్పడును. అది త్వరగా బయటికి పోలేక లోననే నిలిచి పచ్చగా మెరయును.

గృహోపమానముతో చెప్పవలెనన్న, మొదటి రంజకము గోడ కూలినదా యని విచారించును. రెండవది పొయ్యి మండుచున్నదా, గోడయు నిలిచియున్నదా యని విచారించును. ఈ రెండింటిని జతగా వాడుటయే వివేకము. ఐనను ఒక హెచ్చరిక అవసరము. ఎంజైములు చెడినను త్వచము కొంతసేపు నిలువవచ్చును. మరియు ప్రోపిడియం అయొడైడ్ ఆర్.ఎన్.ఏ.తో కూడ కలియును గనుక, డి.ఎన్.ఏ. పరిమాణమును కొలుచునప్పుడు ఆర్.ఎన్.ఏ.ను ముందుగా తొలగింపవలెను.

3. ఆకు రాలినట్టి మరణము

కణమరణము ఒకే విధమైనది కాదు. 1972లో కెర్, వైలీ, కరీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు కణము ముడుచుకొని, చిన్న తునుకలై, పొరుగు కణములచే మ్రింగబడు ఒక క్రమబద్ధమైన మరణమును వర్ణించి, దానికి ఎపాప్టోసిస్ అని పేరిడిరి. చెట్టునుండి ఆకులు రాలుటయని ఆ గ్రీకు పదమునకు అర్థము. దీనిని తెలుగున క్రమమరణ మనవచ్చును. కణము ఉబ్బి పగిలి, లోని పదార్థములు చెల్లాచెదరగుట నెక్రోసిస్.

బ్రదికిన కణమునందు ఫాస్ఫటిడిల్ సెరీన్ అను కొవ్వుపదార్థము త్వచముయొక్క లోపలి వైపుననే యుండును. దానిని అట్లు నిలుపుటకు కణము ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వ్యయపరచుచుండును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కూడి హార్వర్డునందు 1929లో కనుగొన్న ద్రవ్యమిదియే. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దీనిని వేరుగా కనుగొనెను. క్రమమరణము సాగుటకును ఏ.టి.పి. అవసరము, అది పూర్తిగా అడుగంటినచో కణము నెక్రోసిస్‌వైపు మరలును.

క్రమమరణము ప్రారంభమైనప్పుడు ఫాస్ఫటిడిల్ సెరీన్ బయటి వైపునకు తిరుగును. అనెక్సిన్-5 అను ప్రోటీను కాల్షియము సమక్షమున దానిని అంటిపట్టుకొనును. ఆ ప్రోటీనునకు ప్రతిదీప్త రంజకమును జోడించి కణములను గుర్తించు పద్ధతి 1994లో ప్రకటితమయ్యెను. అనెక్సిన్ అంటి, ప్రోపిడియం చొరనిచో అది క్రమమరణ ప్రారంభదశకు సూచకము. రెండును గుర్తించినచో అంత్యదశయో, నెక్రోసిస్సో నిర్ణయింపవలెను. ఆ భేదమును ఈ పరీక్ష యొక్కటియే తేల్చజాలదు.

4. రంజకము చూపని క్షతి

వికిరణముచే కలిగిన గాయమున పై పరీక్షల పరిమితి స్పష్టమగును. రక్తమునందలి లింఫోసైట్లు వికిరణమునకు సులభముగా లోబడి, కొన్ని గంటలలోనే క్రమమరణము పొంద నారంభించును. వానియెడ అనెక్సిన్ పరీక్ష సార్థకము. కాని అనేక ఇతర కణములు గాయపడియు దినములకొలది త్వచము చెడకయే నిలుచును. వానిలో ఎంజైములు పనిచేయుచుండును. రంజకపరీక్షలో అవి సజీవములుగానే కనబడును. తరువాత విభజనకు పూనుకొన్నప్పుడు గాని వాని లోపము బయటపడదు.

1956లో పక్, మార్కస్ అనువారు ఎక్స్-కిరణములు సోకిన మానవకణములను విడివిడిగా పెంచి, ఏవి వృద్ధిచెంది గుంపులుగా ఏర్పడునో లెక్కించిరి. వృద్ధిశక్తి నశించుటయు ఒక విధమైన మరణమే యని దీనివలన తేలెను. ఢిల్లీలోని తిమార్పూరునందు నేడు ఇన్మాస్ అను పేర వికిరణవైద్య పరిశోధన సాగించుచున్న సంస్థ కూడ 1956లోనే ప్రారంభమయ్యెను.

డి.ఎన్.ఏ. రెండు పోగులును తెగినచోట హిస్టోను అను ప్రోటీనునందు కలుగు మార్పు 1998లో వెల్లడియయ్యెను. ప్రతిదీప్త ప్రతిరక్షకముతో చూచినయెడల ఆ చోటులు కేంద్రకమున వెలుగుచుక్కలవలె కనబడును. తెగిన పోగులు అతుకుకొనుకొలది ఆ చుక్కలు అంతరించును. కావున వికిరణము సోకిన పిదప చాలకాలమునకు వైద్యుని చేరినవారియందు ఈ పరీక్ష నిరర్థకము కావచ్చును. అప్పుడు లింఫోసైట్లలో రెండు కేంద్రబిందువులుగల క్రోమోసోములను లెక్కించి, సోకిన వికిరణ పరిమాణమును అంచనా వేయుదురు. మాయాపురివంటి సందర్భములలో ఏ పరీక్ష చేయవలెనన్న ప్రశ్నకంటె, ఎప్పుడు చేయవలెనన్నది తక్కువ ముఖ్యము కాదు.

5. పరిభాషా విచారము

త్వచము పూర్తిగా భగ్నమగుట, కణము తునుకలగుట, పొరుగు కణములచే మ్రింగబడుట అను వానిలో ఏదేని యొకటి రుజువైనప్పుడు కణము మృతమని చెప్పవచ్చునని 2009లో కణమరణ పరిభాషా సంఘము నిర్ణయించినది. తెలుగున వైజ్ఞానిక వ్యాసములు వ్రాయువారు ఈ జాగ్రత్తను పాటింపవలెను. మరమ్మతునకు వీలుండు గాయమును “క్షతి” యనియు, రంజకము చొరబడు స్థితిని “త్వచభేద్యత” యనియు, ఎపాప్టోసిస్‌ను “క్రమమరణము” అనియు, విభజనశక్తి నశించుటను “వృద్ధినాశము” అనియు వేరుపరచి వాడుట మేలు. అన్నింటిని చావు అను నొక్క మాటలో ఇమిడ్చినచో పరీక్ష చెప్పనిదానిని చెప్పినట్లగును.

ప్రయోగశాలలోను ఇదే నియమము వర్తించును. రంజకము కలుపని కణములను, వేడిచే చంపిన కణములను సరిపోల్చుటకై ప్రక్కన నుంచుకొనక మెరుపును నమ్మరాదు. ఎఱ్ఱగా మెరసిన కణములను లెక్కించినపుడు “త్వచము భేద్యమైన కణములు ఇన్ని” యని నమోదు చేయవలెను. మిగిలినవానిని “రంజకము చొరని కణములు” అని మాత్రమే వ్రాయవలెను. అవి క్షేమముగా నున్నవని వ్రాయుటకు వేరు పరీక్షయొక్క సాక్ష్యము కావలెను.