ఒజ్జబంతి

పూర్వము వీధిబడులలో ఒజ్జ పలకపై మొదటి వరుసను తాను వ్రాసి యిచ్చెడివాడు. బాలుడు దానిని చూచుచు క్రింది వరుసలు నింపెడివాడు. ఆ మొదటి వరుసకు ఒజ్జబంతి యని పేరు. చిత్రలేఖనమునకును ఇట్టి ఒజ్జబంతి యవసరము. అయినను, ఒకరి బొమ్మను చూచి గీయుట చిన్నతనమని కొందరు విద్యార్థులు తలతురు. అట్టివారు విన్సెంట్ వాన్ గోహ్ చరిత్రమును తెలిసికొనదగును.

వాన్ గోహ్ 1853లో హాలెండు దేశమున జన్మించెను. చిత్రములమ్ము సంస్థలో కొలువు, ఉపాధ్యాయవృత్తి, బెల్జియము బొగ్గుగనుల ప్రాంతమున మతబోధ, వీనిలో ఏదియు అతనికి నిలువలేదు. 1880లో చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనునప్పటికి అతనికి 27 ఏండ్లు. చేత ధనము లేదు. చెంత గురువు లేడు. అప్పుడతడు ఫ్రెంచి చిత్రకారుడైన శార్ల్ బార్గ్ విద్యార్థులకై కూర్చిన పటములను ఎరువు తెప్పించుకొనెను. గని కార్మికుని యింటిలో ఒక చిన్నగదిలో కూర్చుండి, ఆ 60 పటములను ఓర్పుతో గీసెను. రైతుల జీవితమును చిత్రించిన మిల్లే చిత్రముల అచ్చుప్రతులను సైతము చూచి గీసెను.

బార్గ్ పటములలో అనేకములందు ఒక ప్రక్క సరళరేఖలతో కట్టిన రూపమును, మరియొక ప్రక్క పూర్తియైన చిత్రమును ఉండును. వానిని గీయువాడు మొదటనే కన్నును, ముక్కును దిద్ద మొదలిడరాదు. బొమ్మ ఎత్తెంత, వెడల్పెంత, ఏ గీత ఎంత వాలినది యని ముందుగా కొలుచుకొనవలెను. తరువాత వెలుగునీడల హద్దులు గుర్తింపవలెను. సూక్ష్మాంశములు కడపటివి. ఇట్లు చేయగా చేతికంటె ముందు కన్ను నేర్చుకొనును.

అయితే ఒజ్జబంతియే తప్పైనచో ఏమగును? 1515లో మనదేశమునుండి లిస్బను నగరమునకు ఒక ఖడ్గమృగమును ఓడలో పంపిరి. జర్మనీలోని ప్రసిద్ధ చిత్రకారుడు డ్యూరర్ దానిని కన్నులార చూడలేదు. ఒకరు పంపిన రేఖాచిత్రమును, వర్ణనమును నమ్మి దాని బొమ్మను చెక్కపై అచ్చునకు సిద్ధపరచెను. అందు మృగము మెడవెనుక లేనికొమ్మొకటి మొలచెను! రెండు శతాబ్దములకు పైగా యూరోపులో పలువురు ఆ బొమ్మనే చూచి గీసిరి. ఆ కొమ్మును వెంట వచ్చెను.

కావున పటము దారిచూపునదే గాని గమ్యము కాదు. వాన్ గోహ్ ఈ సంగతి నెరిగి, 1882లో ది హేగ్ నగరమున దారములు కట్టిన చట్రమొకటి చేయించుకొని, దానిగుండ చూచుచు ప్రకృతినే గీయసాగెను. 1889లో వ్యాధిగ్రస్తుడై వైద్యశాలలో నున్నపుడు మరల మిల్లే పటములను చేపట్టెను. నలుపు తెలుపుల అచ్చుప్రతులకు తన రంగులద్దెను. రూపము మిల్లేది, వర్ణము వాన్ గోహ్‌ది.

1890లో, మరణించుటకు కొద్ది వారములు ముందు, బార్గ్ పటములను మరల పంపుమని అతడు తమ్మునికి వ్రాసెను. వందలకొలది చిత్రములు రచించిన పిదపకూడ మొదటి వరుసను మరల దిద్దుటకు ఆ మహాచిత్రకారుడు సిగ్గుపడలేదు.