బొగ్గుబాయి ఊళ్ళ దగ్గర కూరగాయల సేద్యము: లక్ష్యము, లెక్క, మిగులు



"అదునెరిగి సేద్యము, పదునెరిగి పైరు" అని పెద్దలు చెప్పినారు. అదునును పదునును ఎరిగిన రైతులకు మన రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల పల్లెలలో కొదువ లేదు. పైరు పండించుట వారికి ఒకరు నేర్పవలసిన పని కాదు. అయినను ఏడాది పొడుగునా అంగడికి కూర మోసిన రైతును "ఈ యేడు నీకు మిగిలినదెంత?" అని అడిగినచో, "ఏదో గడచినది" అనియే చాలమంది జవాబు చెప్పుదురు. పండించుట తెలిసియు, మిగిలినది ఎంతో తెలియకపోవుటయే మన లోపము. ఈ పాఠములో ఆ రెండవ విద్యను గూర్చి చెప్పుకొందము.

కూర పండించి అమ్ముకొను రైతు కూడ వ్యాపారియే. అతనికి మూడు కావలెను: అంకెలో చెప్పగల లక్ష్యము, దినదినము వ్రాయు లెక్క, ఆ లెక్క చెప్పిన మాటను వినునట్టి మనస్సు.

1. మన అంగడి ఎట్టిది?

1871లో డాక్టరు విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకము మొదలైనది. 1960 తరువాత గోదావరి ఒడ్డున మన ప్రాంతములో గనులు విస్తరించి గోదావరిఖని పట్టణమైనది. 1983లో రామగుండము ఎన్.టి.పి.సి.లో మొదటి యూనిట్టు విద్యుత్తు నిచ్చినది. పాత ఎరువుల కర్మాగారము 1999లో మూతబడగా, కొత్త కర్మాగారము 2021లో యూరియా తీయ నారంభించినది. ఇందువలన మన పొలముల పక్కనే జీతములపై బ్రదుకు పట్టణ మొకటి ఉన్నది. ఇది మన అదృష్టము.

కాని ఈ అంగడి ఎల్లకాలము ఒకే తీరుగ నుండదు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండిరి. నేడు స్థిర ఉద్యోగులు నలుబది వేల ప్రాంతమున ఉన్నారు. కాంట్రాక్టు పనివారు పెరిగినారు. స్థిర ఉద్యోగి ఇల్లు నెల ఖాతాపై కొనును. కాంట్రాక్టు కూలి ఆనాటి కూలితో ఆనాటి కూర కొనును. పదవీ విరమణ చేసినవారు క్వార్టరు ఖాళీ చేసి పోవుదురు. ఒక బాయి మూతబడినచో కొందరు భూపాలపల్లికో మందమర్రికో బదిలీ అగుదురు. నాలుగేండ్ల క్రిందట అమ్మిన సందులో నేడు అంతయే అమ్ముడు పోవునని అనుకొనరాదు.

కావున విత్తుటకు ముందు ఒక వారము అంగడిలో తిరుగుడు. ఏ కూర ఏ జామున అయిపోవుచున్నది, ఏది సాయంత్రము వరకు మిగులుచున్నది, మొదటి షిఫ్టు వారు పోవునప్పుడు కొనునదేమి, రాత్రి షిఫ్టు దిగి వచ్చునప్పుడు కొనునదేమి అని చూచి వ్రాసికొనుడు. ఈ వారము దండుగ కాదు. ఇదియే మొదటి దుక్కి.

2. లక్ష్యమును అంకెలో చెప్పుట

"బాగా సంపాదించవలెను" అనునది కోరిక; లక్ష్యము కాదు. మన ఇండ్లలోనే బొగ్గుబాయికి పోవువారున్నారు. వారిని చూడుడు. సింగరేణి 2023–24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసినది. అంత పెద్ద అంకెను ఏరియాలకు, ఏరియాలో గనులకు, గనిలో దినమునకు, దినములో షిఫ్టుకు పంచుకొన్నప్పుడే అది మనిషి చేయగల పనియగును. సేద్యములోను ఇట్లే చేయవలెను.

ఒక ఉదాహరణము చూతము. ఇందలి ధరలు లెక్క నేర్చుటకు ఊహించినవి మాత్రమే. మీ ధరలను మీరు వేసికొనుడు. అర యెకరము, అనగా 20 గుంటల భూమి గల రైతు పాలకూరపై ఏడాదికి 1,00,000 రూపాయలు మిగుల్చవలెనని తలచినాడు. నెలకు 25 దినముల చొప్పున ఏడాదికి 300 దినములు అమ్మగలడు. దినమునకు మిగలవలసినది 333 రూపాయలు. కట్ట ఒక్కంటికి ధర 5 రూపాయలు. విత్తనము, ఎరువు, కూలి, కోత, ఆటో కిరాయి అన్నియు కలిసి ఖర్చు 3 రూపాయలు. మిగులునది 2 రూపాయలు. కనుక దినమునకు సుమారు 167 కట్టలు అమ్మవలెను.

భూమి చాలునా? చదరపు గజమునకు 6 కట్టలు వచ్చునని కొలిచి తెలిసికొన్నచో, దినమునకు 28 చదరపు గజములు కోయవలెను. పైరుకు 35 దినములు, మరల దుక్కికి 5 దినములు, మొత్తము 40 దినములు ఆ మడి పట్టుబడి యుండును. 28ని 40చే గుణింపగా 1,120 చదరపు గజములు. గుంటకు 121 గజముల చొప్పున ఇది తొమ్మిదింబావు గుంటలు. భూమి చాలును, పైరు మార్పిడికి కూడ చోటున్నది.

అంగడి చాలునా? ఇదియే అసలు ప్రశ్న. 167 కట్టలు కోసి, 40 కట్టలు అమ్ముడు పోక వాడినవని అనుకొందము. అమ్మిన 127 కట్టలకు 635 రూపాయలు వచ్చును. ఖర్చు మాత్రము 167 కట్టలకును పడును. అది 501 రూపాయలు. మిగిలినది 134 రూపాయలే. నాలుగవ వంతు కూడ సరిగా వాడలేదు, కాని మిగులులో మూడు వంతులు పోలేదన్న మాటే కాని సగమునకు మించి పోయినది. అందుచేత మరికొంత భూమి కౌలుకు పట్టుటకు ముందు, మరికొన్ని ఇండ్లు కొనునా అని చూడవలెను.

3. తేదీ నుండి వెనుకకు లెక్కించుట

భూమి అంతయు ఒకేనాడు విత్తినచో పంట అంతయు ఒకేనాడు వచ్చును. ఆనాడు ధర పడును. తరువాత నెల రోజులు అమ్ముటకు ఏమియు నుండదు. అలవాటైన ఇల్లు మరియొకరి దగ్గర కొనును. మడులుగా విడదీసి వారమునకు కొంత విత్తుడు. తోటకూర, మెంతికూర 25–30 దినములలోను, పాలకూర 35–40 దినములలోను కోతకు వచ్చును. కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలగునట్లు నలిపి విత్తవలెను.

వేసవిలో రామగుండము ఎండ ఎట్టిదో మీకు చెప్పనక్కర లేదు. 45 డిగ్రీలు దాటు దినములలో కొత్తిమీర సరిగా మొలవదు, పాలకూర దెబ్బతినును. తోటకూర కొంత ఓర్చుకొనును. అప్పుడే ధర కూడ హెచ్చును. నీరుండి, నీడవల పట్టుకొనగలవారికి ఆ రెండు నెలలు మంచి అదును. అయితే వల ఖర్చును ఎన్ని వేసవులకు పంచవలెనో ముందే వ్రాసికొనుడు.

బంతిపూలకును ఇదే సూత్రము. నారుకు 25–30 దినములు, నాటిన పిదప పూతకు 55–60 దినములు పట్టును. బతుకమ్మ పండుగకు పూలు కావలెనన్నచో 85–90 దినముల ముందే విత్తనము చల్లవలెను. దసరాకు ముందు సింగరేణి లాభములలో వాటా కార్మికులకు పంచుట ఆనవాయితీ. ఆ వారము పట్టణములో చేతులాడు సొమ్ము అధికము. పండుగ దాటిన మరునాడు వచ్చిన పూలకు ఆ ధర రాదు.

4. ఉద్దెర

మా నాయన సైకిలుపై క్వార్టర్లకు కూర వేసెడివాడు. ఎవరు ఎంత బాకీయో గుర్తుకై మా ఇంటి గోడపై బొగ్గుతో గీతలు గీసెడివాడు. ఒక యేడు దసరాకు అమ్మ ఇల్లంతయు సున్నము వేసినది. గీతలు పోయినవి. నాయన నోటిలెక్కగా అడిగినాడు. కొందరు నిజము చెప్పి ఇచ్చినారు, కొందరు ఎప్పుడో ఇచ్చితి మన్నారు. ఆ యేడు పోయినదెంతో నేటికిని మాకు తెలియదు. వచ్చిన వేసవిలో పాడిబర్రెను అమ్మవలసి వచ్చినది. తప్పు సున్నము వేసిన అమ్మది కాదు, బాకీపడిన వారందరిదియు కాదు. పుస్తకము లేకపోవుటయే తప్పు.

పై ఉదాహరణములో కట్టకు మిగులునది 2 రూపాయలు. ఒక ఇంటి వద్ద 600 రూపాయలు మునిగినచో, దానిని పూడ్చుటకు 300 కట్టలు అదనముగా పండించి అమ్మవలెను. ఇది సుమారు రెండు దినముల పూర్తి శ్రమ. ఉద్దెర అసలే ఇవ్వరాదని నేను చెప్పను. నెల జీతముల ఊరిలో అది సాగదు. కాని ఇంటికొక హద్దు పెట్టుడు. ఇచ్చిననాడే, వారి ఎదుటనే వ్రాయుడు. జీతములు పడిన వారములో అడుగుడు. పాత బాకీ తీరనిదే కొత్త నెల ఖాతా తెరవకుడు. మర్యాదగా అడిగిన బాకీ స్నేహమును చెరుపదు. మరచిన బాకీయే చెరుపును.

5. ఇంటి సంచి, సేద్యపు సంచి

ఉదయము అమ్మిన డబ్బు సాయంత్రమునకు పిల్లల ఫీజులోను, చుట్టాల రాకలోను కలిసిపోయినచో, మరల విత్తనమునకు చేబదులు తప్పదు. రెండు సంచులు, వీలైనచో బ్యాంకులో రెండు ఖాతాలు ఉంచుడు. అమ్మిన సొమ్ము ముందు సేద్యపు సంచిలో పడవలెను. ఇంటివారు చేసిన పనికి కూలి కట్టి, ఆ కూలిని ఇంటి సంచిలో వేయుడు. భార్య తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కట్టలు కట్టిన పనికి వెల లేదనుకొన్నచో, నష్టపు సేద్యము కూడ లాభముగా కనిపించును.

పుస్తకములో దినమునకు ఒక వరుస చాలును: తేదీ, కోసిన కట్టలు, అమ్మినవి, మిగిలిపోయినవి, నగదు, ఉద్దెర, ఖర్చు. బడికి పోవు బిడ్డ చేత వ్రాయించినను సరియే.

6. అప్పును, చేతికి వచ్చిన పెద్ద సొమ్మును గూర్చి

నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అనగా ఏడాదికి 24 శాతము. 50,000 రూపాయలకు వడ్డీ 12,000. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంటరుణమును గడువులోపల తిరిగి కట్టినవారికి, కేంద్ర రాయితీ పోగా పడు వడ్డీ 4 శాతము. అదే 50,000కు 2,000. తేడా 10,000 రూపాయలు. బ్యాంకు చుట్టు తిరుగుటకు విసుగు పుట్టినప్పుడు ఈ అంకెను తలచుకొనుడు.

ఓపెన్‌కాస్టు గనులకు భూమి ఇచ్చి పరిహారము పొందిన కుటుంబములు మన చుట్టు కలవు. విరమణ సొమ్ము పొందినవారును కలరు. అట్టి సొమ్ము మరల రాదు. దానిని ఒకేసారి కొత్త వ్యాపారములో పోయకుడు. పది గుంటలలోనో, రెండు బర్రెలతోనో ఒక సాలు నడిపి, పుస్తకము చూచి, అప్పుడు పెంచుడు. బర్రె సూడి కాలము పది నెలలకు పైగా నుండును. ప్రతి ఈతకు ముందు కొన్ని నెలలు వట్టిపోవును. రెండును ఒకేసారి ఈనినచో ఒకేసారి వట్టిపోవును. పాలు పోయించుకొను ఇండ్లు చేజారును. కొన్ని నెలల ఎడముతో ఈనునట్లు చూచి కొనవలెను.

7. నలుగురు కలిసినచో

పాత కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు పూనుకొనగా సహకార సంఘ మొకటి వెలసినది. అప్పు ఇచ్చుటతో ఆగక, ఎరువు విత్తనములు సమకూర్చి, సభ్యుల పంటను తానే కొని అమ్ముటయు ఆ సంఘము చేపట్టినది. నేటికిని నిలిచియున్నది. అచటి మహిళలు తరువాత తమ పాల డెయిరీని కూడ నెలకొల్పుకొన్నారు. మనమంత పెద్ద పనితో మొదలిడ నక్కరలేదు. ఐదుగురు రైతులు కలిసి ఒకే ఆటో మాట్లాడుకొని, ఎవరు ఏ వారము ఏ కూర విత్తవలెనో పంచుకొన్నను కిరాయి తగ్గును. ఒకరి ధరను ఒకరు పడగొట్టుకొనుట తప్పును.

8. లెక్క చెప్పిన మాట

సింగరేణి వంటి పెద్ద సంస్థయే 1990 దశకములో నష్టములలో కూరుకొని, ఆ దశకము చివర లాభములలోనికి తిరిగి వచ్చినది. నష్టము సిగ్గుపడవలసినది కాదు. తెలియని నష్టమే ప్రమాదము. నెలకొకసారి, ఒక ఆదివారము నాడు ఇల్లాలితో కలిసి కూర్చుండి పుస్తకము చూడుడు. మూడు నెలలు వరుసగా ఒక కూర మిగులు చూపనిచో, అది తాతల నాటి పైరైనను మానుడు లేదా తగ్గించుడు.

అభ్యాసము

ఈ రాత్రియే ఒక నోటుపుస్తకము తీసికొని నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు.
(1) వచ్చు ఉగాది నాటికి సేద్యపు సంచిలో ఎంత మిగలవలెను?
(2) దాని కొరకు దినమునకు ఎంత అమ్మవలెను?
(3) ఆ మొత్తము కొను ఇండ్లు ఎన్ని, ఏ సందులలో నున్నవి?
(4) నేటికి నాకు రావలసిన ఉద్దెర ఎంత, ఎవరెవరి వద్ద నున్నది?

నాలుగవ దానికి జవాబు వ్రాయలేకపోయినచో రేపటి పని అదియే. పైరు సంగతులకు రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడుగవచ్చును. మీ లెక్క మాత్రము మీరే వ్రాయవలెను. అది గోడ మీద కాక పుస్తకములో నుండవలెను.