బొమ్మల కాయకము – పసిబిడ్డల పోషణము

చోడవరము చెరకుతోటల సీమలోని ఊరు. విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. అదే జిల్లాలో, ఎస్. రాయవరము మండలమున, వరాహనదీ తీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వృత్తిలో ప్రకృతిసిద్ధమైన రంగులను తిరిగి నెలకొల్పుటకు పాటుపడిన సి.వి. రాజు గారు 2023లో పద్మశ్రీ పురస్కారము నందిరి.

ఇట్టి కళ చేరువలోనే యుండగా, పసిబిడ్డల తల్లికి బొమ్మల తయారీ తగిన జీవనోపాధి యని పలువురు తలచుదురు. తలపు మంచిదే. కాని ఇల్లు పనిశాల యైనప్పుడు పనిశాల కొలతలే ఇంటికి కొలతలగు ప్రమాదము కలదు. బిడ్డ ఏడ్పు పనికి అడ్డమని తోచిన దినమున, ఎవరి కొరకు ఆ పని మొదలైనదో వారికే అది భారమగును. కనుక ఇంటి వృత్తికి సరియైన కొలత ఏది యన్నదే ఈ పాఠమున విచారింపవలసిన విషయము.

శరణులు చూపిన కొలత

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణములో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు సంసారులై, తమ తమ పనులు చేసికొనుచునే సాధన సాగించిరి. మేదర కేతయ్య బుట్టలల్లెను. కదిరె రెమ్మవ్వ నూలు వడికెను. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుచుండెను. ఒకనాడు అతడు అవసరమునకు మించిన బియ్యము తేగా, భార్య లక్కమ్మ అది ఆశయే గాని కాయకము కాదని చెప్పి తిరిగి యిచ్చి రమ్మని పంపినదని శరణ చరిత్ర చెప్పుచున్నది. కష్టపడుట ఎంత ముఖ్యమో, ఎంతవరకు కష్టపడవలెనో తెలియుటయు అంత ముఖ్యమని ఆ యిల్లాలు బోధించినది. చిన్నబిడ్డలున్న యింటికి ఇంతకంటె పనికివచ్చు పాఠము లేదు.

ఏ పని ఇంటిలో, ఏ పని వెలుపల

లక్కబొమ్మలకు మెత్తనిదైన అంకుడు కర్ర వాడుదురు. ఆరిన కర్రను లేతు మీద త్రిప్పుచు ఉలితో రూపము తెచ్చెదరు. తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టెదరు.

ఇందు లేతు పని పిల్లలు తిరుగాడు గదిలో జరుగరాదు. ఎగురు చెక్కుపేడు కంటికిని, సన్నని పొట్టు ఊపిరికిని చెఱుపు. తిరుగు మరలో చీరకొంగు గాని, విరబోసిన జుట్టు గాని చిక్కుకొన్నచో ప్రాణాపాయము. కనుక దానికి వేరుగా గడియగల పాక యుండవలెను. పాక కట్టుకొను శక్తి లేని వారు, కడసిన బొమ్మలను పనివారి యొద్ద కొని, జతపరచుట, కన్నుముక్కులు దిద్దుట, ఏరుట, పెట్టెలలో సర్దుట అను పనులతోనే ఆరంభించుట మేలు.

కాలపు కొలత

ఒక తల్లికి ఇద్దరు బిడ్డలనుకొందము. నాలుగేండ్ల వాడు ఉదయము అంగన్‌వాడీకి పోవును. రెండేండ్ల పిల్లను ఆ వేళ నాయనమ్మ చూచుకొనును. మధ్యాహ్నము పిల్ల నిద్రించును. మొత్తము మీద తల్లికి చిక్కునవి దినమునకు నాలుగు గంటలు. ఒక లక్కపిడతల జత సిద్ధపరచుటకు రెండు గంటలు పట్టినచో దినమునకు రెండు జతలు. జ్వరములు, పండుగలు, చుట్టముల రాకలు తీసివేయగా నెలకు ఇరువది దినములు మిగులును. అనగా నలువది జతలు.

దసరా కొలువులకు నూరు జతలు కావలెనని వ్యాపారి అడిగినచో, రెండున్నర నెలల పని. అది ఆషాఢమున ఒప్పుకొనదగిన బేరమే గాని భాద్రపదమున ఒప్పుకొనదగినది కాదు. ఆలస్యముగా వచ్చిన బేరమును వదలుకొనుట నష్టము కాదు. రాత్రులు మేల్కొని బిడ్డను విసిగికొనుటయే నష్టము. తండ్రి సాయంకాలమొక గంట బిడ్డల నెత్తుకొన్నచో ఆ గంటయు పనిలో భాగమే. మారయ్య, లక్కమ్మల కాయకము ఇరువురిదియు గదా.

మూల్యపు కొలత

ఈ లెక్క కేవలము ఉదాహరణకు. జతకు కర్ర, లక్క, రంగులు 60 రూపాయలు, పెట్టె, చెడిన సరుకు 15, రెండు గంటల శ్రమ గంటకు 50 చొప్పున 100, మొత్తము 175. వ్యాపారి 140కి అడిగినచో శ్రమకు మిగులునది 65 మాత్రమే, అనగా గంటకు 32 రూపాయల 50 పైసలు. ఇంట్లో కూర్చుండి చేయు పనియే గదా యని తన శ్రమను లెక్కలో వ్రాయని గృహిణి ఈ తరుగును గుర్తింపజాలదు. మిగులు లేని యింట దాసోహమునకును తావుండదు.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో సంప్రదాయ బొమ్మల తయారీ యొకటి. కుటుంబమున ఒకరికి, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు, 5 శాతము వడ్డీకి ఋణము లభించును. దానిని 18 నెలలలో తీర్చవలెను. లక్షయు తీసికొన్నచో అసలే నెలకు సుమారు 5,556 రూపాయలగును. నెలకు నలువది జతలు చేయు తల్లి శ్రమఫలము, పూర్తి ధర వచ్చినను, 4,000 రూపాయలే. ఇచ్చెదరు గదా యని అంత తీసికొనుట తగదు.

పరుల బిడ్డ

2021 జనవరి 1 నుండి 14 ఏండ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారులు తామే చేసి విక్రయించు బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలను అధికృతముగా చేయువారికిని మినహాయింపు కలదు. కావున ముందుగా నమోదు కావలెను. అధికారము లేనిదే ఏటికొప్పాక పేరు పెట్టి విక్రయించుట న్యాయము కాదు.

చట్టము మినహాయించినను ధర్మము మినహాయింపదు. మూడేండ్ల లోపు పిల్లలు దేనినైనను నోట పెట్టుకొందురు. చిన్న పిడత గాని, ఊడివచ్చు పూస గాని గొంతున అడ్డుపడగలదు. అట్టివి వారికి తగవని పెట్టెపై వ్రాయవలెను. సీసము కలిసిన రంగులు పిల్లల మెదడు ఎదుగుదలను చెఱచును. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాని రంగులకు శ్రమ ఎక్కువైనను అదియే మార్గము. తన బిడ్డ నోట పెట్టుకొనుటకు ఒప్పుకొనని బొమ్మను తల్లి ఇతరుల బిడ్డకు విక్రయింపరాదు.

ఇంటి బిడ్డ

పిల్లలు పని చూచుచు నేర్చుకొందురు, అది మంచిది. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము, ప్రమాదము లేని కుటుంబ వృత్తిలో బడివేళల తరువాతను, సెలవులలోను, చదువునకు భంగము లేకుండ తోడ్పడుటకే పిల్లలకు అనుమతి నిచ్చినది. రంగులవారీగా బొమ్మలను వేరుచేయుట బిడ్డకు ఆట. ఇన్ని చేయవలెనని లెక్క పెట్టిన క్షణమున అది కూలి యగును. చేసిన బొమ్మలలో ఒకటి ఆ యింటి బిడ్డ చేతికి దక్కవలెను. బొమ్మలు చేయు ఇంట బిడ్డకు ఆడుకొనుటకు బొమ్మయు, ఆడించుటకు తల్లియు లేకపోవుట కంటె లోటు వేరొకటి లేదు.

మననమునకు

1. బేరము ఒప్పుకొనునపుడు ఇంటిలో ఎవరెవరి కాలమును లెక్కింపవలెను?
2. లక్కమ్మ బియ్యమును తిరిగి పంపుటకును, మించిన బేరమును వదలుకొనుటకును గల పోలిక ఏమి?
3. బిడ్డ తోడ్పాటు ఆటగా నుండుటకు ఇంటి పెద్దలు ఏ హద్దు లుంచవలెను?