పిల్లల అడుగుల్లో ధమ్మం: ఆటగా నడక నేర్పుదాం





ఆదివారం విహారంలో మన పిల్లలను ఒకసారి గమనించండి. త్రిశరణం, పంచశీలం అయ్యేదాకా ఎట్లనో కూర్చుంటరు. ఆ తర్వాత ఒకడు చాప కొస పీకుతడు, ఒక పిల్ల మెల్లగా గడప దిక్కు జరుగుతది. మనం "కదలకుండ కూర్చో" అని కసురుకుంటం. నాలుగేళ్ళ బిడ్డకు కదలకుండా కూర్చోవడం శిక్షే. విహారమంటే శిక్ష అని చిన్నప్పుడే మనసులో పడితే, పెద్దయినంక ఆ గడప తొక్కరు. అందుకే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు మొదటి ధమ్మ పాఠం నడకతో మొదలుపెడదాం.

నడక ఎందుకు?

ఏడాది అటూ ఇటూగా బిడ్డ అడుగు వేస్తుంది. అంతటితో నడక పూర్తిగా వచ్చినట్టు కాదు. కాలు మార్చి కాలు వేస్తూ మెట్లెక్కడం, ఒంటికాలి మీద గెంతడం, గీత తప్పకుండా నడవడం ఆ తర్వాతి ఏళ్ళలో ఆటల ద్వారా వస్తాయి. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదలాలనీ, అందులో 60 నిమిషాలు బాగా ఒళ్ళు అలిసే ఆట ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

తథాగతుడు నడకను చిన్నచూపు చూడలేదు. సతిపట్ఠాన సుత్తంలో కూర్చోవడంతో పాటు నడవడం, నిలబడడం, పడుకోవడం కూడా ఎరుకతో చేయవలసినవే. అంగుత్తర నికాయంలోని చంకమ సుత్తం నడకకు ఐదు లాభాలు చెబుతుంది: దూర ప్రయాణానికి ఓపిక, సాధనకు ఓపిక, రోగాలు తగ్గడం, తిన్నది అరగడం, నిలకడైన ఏకాగ్రత.

మనకు ఇంకో కారణం కూడా ఉన్నది. మన తాతలు దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకొని, తల వంచుకొని నడిచిండ్రు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వెంట వేలమంది చవదార్ చెరువుకు నడిచిపోయి నీళ్ళు తాగిండ్రు. దారి మీద, నీళ్ళ మీద మనిషికి ఉన్న హక్కును ఆ అడుగులే చాటినయి. వెన్ను నిలిపి, తల ఎత్తి, బెదురు లేకుండా నడవడం మన బిడ్డలకు ఒంటికి సాధన, మనసుకు ఆత్మగౌరవం.

ఐదు ఆటలు

1. జంతువుల నడక: ఏనుగులా బరువుగా, కొంగలా కాలెత్తి ఆగి, కప్పలా గెంతుతూ, పిల్లిలా చప్పుడు లేకుండా నడిపించండి. మధ్యలో ఆపి "ఇప్పుడు ఏ కాలు ముందున్నది?" అని అడగండి. ఎరుకకు అదే మొదటి అక్షరం.

2. గీత మీద నడక: సుద్దముక్కతో పది అడుగుల గీత గీయండి. ముందు కాలి మడమకు వెనుక కాలి వేళ్ళు ఆనించి నడవాలె. అలవాటయ్యాక గీతను వంకర తిప్పండి.

3. నీళ్ళ గ్లాసు: స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పోసి, ఒలకకుండా అవతలికి చేర్చమనండి. రాహులునికి అబద్ధం గురించి చెప్పేటప్పుడు తథాగతుడు పాత్రలో మిగిలిన కొన్ని నీళ్ళనే చూపించి పాఠం చెప్పిండు. ఒలికితే నవ్వకండి, మళ్ళీ నింపి ఇయ్యండి.

4. చైత్యం చుట్టూ: నడుమ నాలుగు ఇటుకలు పేర్చి, అది చైత్యం అనుకొమ్మని చెప్పండి. కుడిచెయ్యి దాని వైపు ఉండేటట్టు చుట్టూ నడిస్తే కుడి ఎడమలు తెలుస్తయి. గంట మోగితే ఆగి, ఒక్క శ్వాసను గమనించి, మళ్ళీ నడవాలె. వీలైనప్పుడు పెద్దపల్లి జిల్లా ధూళికట్టకు తీసుకుపోయి, శాతవాహనుల కాలపు స్తూపం చుట్టూ అట్లనే నడిపించండి.

5. బావరి శిష్యుల ప్రయాణం: గోదావరి ఒడ్డున ఉన్న ముసలి బావరి తన పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపినట్టు సుత్తనిపాతం చెబుతుంది. ఆ చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని మన దిక్కు చెప్పుకుంటరు. నేల మీద ఎనిమిది సున్నాలు గీయండి: గోదావరి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, కపిలవస్తు, వైశాలి, మగధ. సున్నాకు సున్నాకు మధ్య ఒకచోట ఏరు దుంకాలె, ఒకచోట గుట్ట ఎక్కినట్టు మునివేళ్ళ మీద నడవాలె, ఒకచోట అడవిలో కొమ్మల కింద వంగి పోవాలె. కథ, నడక, ఊళ్ళ పేర్లు ఒక్కసారే వస్తయి.

కాస్త పెద్ద పిల్లలకు తొక్కుడు బిళ్ళ ఉండనే ఉన్నది. ఆదిలాబాద్ గోండు గూడేల పిల్లలు వానాకాలంలో వెదురు గడల మీద నడుస్తరు. వీటికి పైసా ఖర్చు లేదు.

పెద్దలకు నాలుగు మాటలు

ముందుగా నేల మీది రాళ్ళు, గాజు పెంకులు ఏరెయ్యండి. ఇరవై నిమిషాలు చాలు.

పందెం పెట్టకండి, ఫస్టు సెకండు అనకండి. ఎక్కువ తక్కువల లెక్క నుంచి బయటపడాలనే కదా మనం ధమ్మంలోకి వచ్చినం.

ఆడపిల్లలను "ఎగరకు, దుంకకు" అని ఆపకండి. నడవలేని బిడ్డను పక్కన కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించకండి. చక్రాల కుర్చీలోనో, పెద్దల చెయ్యి పట్టుకొనో అదే దారిలో అందరితో రావాలె.

పద్దెనిమిది నెలలు నిండినా బిడ్డ సొంతంగా నడవకపోతే "వాడే నడుస్తడులే" అనుకోవద్దు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి, దవాఖానలో చూపించండి.

వచ్చే ఆదివారం వందన కాగానే చాపలు చుట్టండి, సుద్దముక్క తీయండి. పిల్లల వెనుక మీరూ ఆ గీత మీద నడవండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!