అడగడానికి మొహమాటపడకు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో నీకు ఈసీఈ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంటిల్లిపాదికీ ఎంత సంతోషమో! పెట్టెలో ఏమేం సర్దాలో అమ్మ చూసుకుంటుంది. అక్కడి చదువు గురించి, హాస్టల్ జీవితం గురించి నేను నాలుగు మాటలు రాస్తాను. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కదా, నీ వయసు పిల్లల్ని చాలామందిని దగ్గర నుంచి చూశాను. తీరిగ్గా చదువు.

ఇంటర్ రెండేళ్లూ నీ రోజంతా కాలేజీవాళ్లే నడిపారు. తెల్లారకముందే లేపడం దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా అన్నీ వాళ్ల టైంటేబుల్ ప్రకారమే. వారం వారం పరీక్ష, మర్నాటికల్లా మార్కులు, మార్కుల్ని బట్టి సెక్షన్. ఈఏపీసెట్‌లో ర్యాంకు రావడానికి ఆ పద్ధతి ఉపయోగపడింది, కాదనను. కానీ అక్కడ జవాబు గుర్తుపెట్టుకోవడానికే తప్ప ప్రశ్న వేయడానికి ఎవరికీ తీరిక ఉండదు. "ఇదెందుకిలా?" అంటే "అది పరీక్షలో రాదులే" అనేస్తారు. రెండేళ్లు ఆ మాట విన్న పిల్లలు నెమ్మదిగా అడగడమే మానేస్తారు. బీటెక్‌కి వచ్చాక కూడా నోరు విప్పరు. నేను చూసినంతలో, కాలేజీలో వెనకబడ్డ పిల్లల్లో చాలామంది తెలివి తక్కువై వెనకబడలేదు. అర్థం కాలేదని చెప్పుకోలేక వెనకబడ్డారు. అందుకే నేను నీకు ముఖ్యంగా చెప్పేది ఒక్కటే. తెలియంది అడుగు, కావలసింది అడుగు, కష్టమొస్తే సాయం అడుగు.

ప్రశ్నకు ఎంత విలువుందో నువ్వు చేరబోయే యూనివర్సిటీలో చదివిన మనిషి కథే చెబుతుంది. 1926లో మొదలైన ఆ యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చేసినవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఒకరు. ప్రపంచమంతా సి.ఆర్.రావు అని పిలిచే గణాంక శాస్త్రవేత్త ఆయనే. వాల్తేరు నుంచి కలకత్తా వెళ్లి, ఇరవై నాలుగేళ్లు నిండకముందే అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. ఒకరోజు క్లాసులో, శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్న విషయం మీద ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త సిద్ధాంతాన్ని వివరిస్తున్నారు. దండేకర్ అనే విద్యార్థి లేచి, పరిమితమైన శాంపిల్‌కి దీన్ని ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్-రావు అసమానత. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పై చదువులకు వెళితే అది నీకూ ఎదురవుతుంది. ప్రశ్న వేసిన వి.ఎం.దండేకర్ తరవాత మన దేశంలో పేదరికం మీద పరిశోధన చేసిన గొప్ప ఆర్థికవేత్త అయ్యారు. రావు గారికి 2023లో, నూట రెండేళ్ల వయసులో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆనాడు ఆ కుర్రాడు "మాస్టారు ఏమనుకుంటారో" అని ఊరుకుని ఉంటే ఆ రాత్రి ఆ లెక్క మొదలయ్యేది కాదు. క్లాసులో ప్రశ్న వేయడం మాస్టారిని ఎదిరించడం కాదమ్మా. పాఠాన్ని ఆయనతో పాటు నువ్వూ మోయడం.

ల్యాబు సంగతి కూడా చెప్పాలి. ప్రయోగం చేయకుండా సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేయడం అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే. నువ్వు మాత్రం ఆ పని చేయకు. మా ల్యాబులో ఒకమ్మాయి సిలికాన్ డయోడ్ ప్రయోగం చేస్తోంది. వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ కరెంటు ఎంతో రాసుకోవాలి. పుస్తకంలో 0.7 వోల్టు అని ఉంది. ఆమెకు ఒక మిల్లీయాంపియరు దగ్గర 0.6 కూడా రాలేదు. పక్క బల్లవాళ్లు 0.7 వేసేశారు. ఆమె రబ్బరు చేతిలో పట్టుకుని, దిద్దేయకుండా నా దగ్గరికొచ్చి "నాదెక్కడ తప్పింది మేడమ్?" అని అడిగింది. తప్పేమీ లేదు. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు వోల్టేజి కూడా తక్కువే ఉంటుంది. 0.7 అనేది లెక్కల సౌకర్యానికి తీసుకునే ఉజ్జాయింపు. కరెంటు పెంచి చూడమన్నాను, మీటరు 0.7 వైపు జరిగింది. తరవాత డయోడ్‌ని రెండు వేళ్లతో కాసేపు పట్టుకోమన్నాను. చేతి వేడికి మీటరులో చివరి అంకెలు దిగుతూ వచ్చాయి. ఒక్కో డిగ్రీ వేడికి సుమారు రెండు మిల్లీవోల్టులు తగ్గుతుందని పుస్తకంలో ఉన్న వాక్యం ఆమె తన వేళ్ల మధ్య చూసింది. రబ్బరుతో దిద్దేసి ఉంటే మార్కులు ఎలాగూ వచ్చేవి, ఈ చదువు మాత్రం వచ్చేది కాదు.

ఇక మార్కులు. వాటిని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. హాజరు 75 శాతానికి తగ్గనివ్వకు. మిడ్ పరీక్షలు చిన్నవని వదిలేయకు, ఇంటర్నల్ మార్కులు చివర్లో ఎంత ఏడ్చినా తిరిగిరావు. బ్యాక్‌లాగ్ ఉంటే ప్లేస్‌మెంట్లప్పుడు చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు. మొదటి ఏడాది గణితాన్ని "పాసైతే చాలు" అని దాటేసినవాళ్లు, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ దగ్గరికి వచ్చేసరికి ఫోరియర్, లాప్లాస్ అర్థంగాక ఆగిపోతారు. పరీక్ష ముందు జెరాక్స్ షాపులో దొరికే ఇంపార్టెంట్ ప్రశ్నల కాగితాలతో గట్టెక్కొచ్చు. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఆ కాగితాలు నోరు తెరిపించవు. యూనివర్సిటీలో వి.ఎస్.కృష్ణా లైబ్రరీ ఉంది. వారానికి ఒక్క సాయంత్రమైనా అక్కడ కూర్చుని బాయిల్‌స్టాడ్, మిల్‌మన్ లాంటి అసలు పుస్తకాలు చదువు. అక్కడా అర్థంకాకపోతే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చాట్‌జీపీటీ లాంటివి మీ తరానికి దొరికిన సౌకర్యం, వాడుకో. కాకపోతే లెక్కతో ముందు నువ్వు కుస్తీ పట్టి, ఎక్కడ ఆగిపోయావో అది అడుగు. అది చెప్పిన జవాబు కూడా కాగితం మీద నువ్వు చేసి సరిచూసుకో, తడుముకోకుండా తప్పులు చెప్పే గుణం దానికుంది. అసైన్‌మెంట్ మొత్తం దానిచేత రాయిస్తే చదువుకున్నది నువ్వు కాదు.

ఇంగ్లిష్ గురించి భయపడతావని నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివావు, పక్కన కూర్చున్నవాళ్లు గడగడా మాట్లాడుతుంటే మన నోరు పెగలదు. ఆ కారణానికి ప్రశ్న మింగేయకు. క్లాసులో మాట తడబడితే క్లాసయ్యాక స్టాఫ్ రూముకి వెళ్లి తెలుగులోనే అడుగు. శ్రద్ధగా అడిగే పిల్లల్ని విసుక్కునే మాస్టార్లు ఎక్కడో గానీ ఉండరు. ఇంగ్లిష్ రోజూ పది నిమిషాలు పైకి చదివితే, తప్పులొచ్చినా స్నేహితురాళ్లతో మాట్లాడితే, ఏడాదిలో దానంతటదే దారికొస్తుంది.

హాస్టల్లో రకరకాల ఊళ్లవాళ్లు ఉంటారు. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చినవాళ్లు, అరకు కొండల నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. వాళ్ల ఇంటి సంగతులు, వాళ్ల భాష, వాళ్ల పండగలు అడిగి తెలుసుకో. ఈ నాలుగేళ్లలో దొరికే చదువులో అదీ ఒక పెద్ద భాగం. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరు, లేదా ఏదో ఒక ఆట ఆడు. రూములో ఫోన్ పట్టుకుని కూర్చునే సాయంత్రాలు తగ్గించుకో. ఇష్టంలేని చోటికి రమ్మంటే రానని చెప్పు, స్నేహం దానికే చెడిపోతే అది స్నేహం కాదు.

ఎవరైనా సీనియర్లు ర్యాగింగ్ పేరుతో హద్దు దాటితే భరించకు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకో. మనసు బాగోలేక నిద్రపట్టకపోయినా, పరీక్ష పోయి దిక్కుతోచకపోయినా లోపల కుమిలిపోకు. 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లకంటే ముందు నాకు చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఉంటుంది. నీకు బదులు మాకు ఇంకొకరు లేరు. అమ్మానాన్నలకు చెబితే బాధపడతారని దాచే పిల్లలే ఎక్కువ బాధపెడతారమ్మా.

డబ్బు విషయంలోనూ అంతే. ఫీజు, మెస్ బిల్లు, పుస్తకాలు, దేనికి తక్కువైనా నోరు తెరిచి చెప్పు. స్నేహితుల దగ్గరా, ఫోన్లో లోన్ యాప్‌లలోనూ అప్పు చేయొద్దు. స్కాలర్‌షిప్ గడువులు ఆఫీసుకి వెళ్లి నువ్వే కనుక్కో, ఎవరో చెబుతారని కూర్చోకు.

నాలుగేళ్లు చాలా త్వరగా అయిపోతాయి. చివర్లో నీ చేతికి సర్టిఫికెట్ అందరితో పాటే వస్తుంది. తెలియనిదాన్ని ఎదురుగా నిలబడి అడిగి నేర్చుకునే ధైర్యం మాత్రం అడిగినవాళ్లకే వస్తుంది. ఉద్యోగంలోనూ, సంసారంలోనూ, ఎక్కడికి వెళ్లినా నీకు అన్నం పెట్టేది అదే.

క్లాసులు మొదలైన మొదటి వారంలోనే ఒక్క ప్రశ్న అడుగు, చిన్నదైనా ఫరవాలేదు. ఏం అడిగావో, మాస్టారు ఏం చెప్పారో నాకు వివరంగా ఉత్తరం రాయి. ఎదురుచూస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ